నేత కార్మికుల కోసం యాప్ చేస్తున్నం, వాళ్ళని ఎప్పుడు కూర్చోబెట్టాలె? ముందా, అంతా అయిపోయినంకనా?

మగ్గం_చప్పుడు:
అందరికీ నమస్తే. మాది చౌటుప్పల్ దిక్కు, హైదరాబాద్‌ల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల చేస్తున్న. మా దగ్గరికి ఒక చేనేత సొసైటీ పని వచ్చింది. ఎవరికి పట్టు ఎంత ఇచ్చిండ్రు, చీరలు ఎన్ని వచ్చినయ్, కూలి ఎంత కట్టాలె, ఇదంతా ఇప్పుడు పుస్తకాలల్ల నడుస్తుంది, దాన్ని యాప్‌ల పెట్టాలె. సెక్రటరీ సారు పెద్ద లిస్టు ఇచ్చిండు, డ్యాష్‌బోర్డు కావాలె, రిపోర్టులు కావాలె, ఏ మగ్గం మీద ఏం నడుస్తుందో రోజూ ఫోటోతో సహా కనబడాలె అని. మా మేనేజరు అయితే రిక్వైర్‌మెంట్ వచ్చేసింది కదా, ఇగ కోడింగ్ మొదలుపెట్టు అంటుండు. కానీ రోజూ ఆ యాప్ ముట్టుకోవాల్సింది నేసెటోళ్ళు, వాళ్ళల్ల ఒక్కర్ని కూడా ఇప్పటిదాంక ఎవ్వరూ అడగలే. చేసినంక చూపించి ఫీడ్‌బ్యాక్ తీసుకుందాం అంటున్నరు. నాకు మనసొప్పుతలేదు. ఎవర్ని పిలవాలె, ఎప్పుడు పిలవాలె, ఏం చూపించాలె, ఇట్లాంటి పని చేసినోళ్ళు ఉంటే జర చెప్పుండ్రి.

గోదారి_గట్టు:
మీ మనసు ఒప్పుకోకపోవడం కరెక్టే అండి. నేను డిజైన్ పనిలోనే ఉన్నా, అంతా అయిపోయాక చూపిస్తే ఏం జరుగుతుందో చాలా చోట్ల చూశా. "బాగుంది బాబూ" అంటారు, అంతే. పాపం ఇంత కష్టపడి చేసుకొచ్చాడు, ఇప్పుడు బాలేదంటే ఏం బావుంటుంది అని మొహమాటం. ఆ మాటే మనవాళ్ళు రిపోర్టులో యూజర్లు సంతృప్తి వ్యక్తం చేశారు అని రాసేస్తారు. ఆ దశలో ఎవరైనా గట్టిగా చెప్పినా మారేది బటన్ రంగో అక్షరం సైజో తప్ప అసలు ఏ లెక్క రాయాలి, ఎవరికి ఏది కనబడాలి అన్నది మారదు, ఎందుకంటే దాని మీద అప్పటికే డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది.

ముందు ఫోన్ తీసుకెళ్ళకండి. తెల్ల కాగితాలు తీసుకెళ్ళండి. వాళ్ళ కూలి పుస్తకం చూపించమనండి, ఒక్కో గడి ఎందుకుందో అడగండి, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నవి ఇంకా జాగ్రత్తగా చూడండి, అసలు విషయం తరచుగా అక్కడే ఉంటుంది. తర్వాత ఒక్కో కాగితం ఒక్కో స్క్రీన్ అనుకుని పెన్నుతో గీసి వాళ్ళ చేతికే పెన్ను ఇవ్వండి. కాగితాన్ని కొట్టేయడానికి ఎవరూ మొహమాటపడరు.

డెలివరీ_డ్యూటీ:
నేను ప్రాజెక్టు నడిపే వైపు నుంచి చెప్తా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఇవన్నీ వినడానికి బాగుంటాయి కానీ ఫిక్స్‌డ్ బిడ్ (ముందే ఒక మొత్తానికి ఒప్పుకున్న) ప్రాజెక్టులో ఒక్కో వారానికి జీతాలు లెక్క ఉంటాయి బ్రో. పది మందిని అడిగితే పది రకాలుగా చెప్తారు, ఒకరికి కావాల్సింది ఇంకొకరికి అక్కర్లేదు, చివరికి ఎవరి మాట వినాలి? డబ్బు కట్టేది సొసైటీ, సంతకం పెట్టేది సెక్రటరీ. యూజర్లను పిలవొద్దు అనట్లేదు, కానీ పిలిచాక వాళ్ళు చెప్పింది చేయలేకపోతే అది ఇంకా పెద్ద అవమానం. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

సీమ_మేటి:
డెలివరీ అన్నా, అడగకుండా చేస్తే ఎంత ఖర్చు అయితాదో కూడా లెక్కలో వెయ్యాల కదా. ఉపాధి హామీ పనుల హాజరు యాప్ తీసుకో. 2021 మే నెలలో తెచ్చినారు, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకీ తప్పనిసరి చేసినారు. రోజుకి రెండుసార్లు పని జాగాలో కూలోళ్ళ ఫోటో, యాడ తీసినారో ఆ లొకేషన్‌తో సహా ఎక్కాల అన్నారు. దొంగ మస్టర్లు ఆపాల అనే ఉద్దేశం మంచిదే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ కొండ పక్కన చెరువు పూడిక తీసే కాడ సిగ్నల్ ఉండాదా లేదా, పొద్దున్నే కొలత పని ముగించుకొని పోయినోళ్ళు రెండో ఫోటో కోసం మళ్ళీ ఎండలో ఎందుకు రావాల, ఫోను లేని మేటి (కూలోళ్ళ గుంపుని నడిపేటోడు) ఏం చెయ్యాల, ఇవి కూలోళ్ళనీ మేటీలనీ ఒక పూట కూర్చోబెట్టి అడిగింటే మొదటి రోజే బయటపడేవి. ఆ తర్వాత ఏమాయె? 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ కాడ కూలోళ్ళు వంద రోజుల ధర్నా అని చెప్పి కూర్చున్నారు. 2025 జులైలో గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ ఇచ్చింది, సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తా ఉండారు, ఫోటోనే మళ్ళీ ఫోటో తీసి పెడతా ఉండారు అని. కూలోనికి కష్టం మిగిలింది, దొంగతనమూ ఆగలే. మీ సెక్రటరీ రోజూ మగ్గం ఫోటో అంటా ఉండాడు కదా తమ్ముడూ, ఆ మాట సూసేసరికి నాకు ఇదే గుర్తొచ్చింది.

ఓస్లో_తెలుగమ్మాయి:
నేను నార్వేలో ఉంటాను, వాడేవాళ్ళతో కలిసి డిజైన్ చేసే ఈ పద్ధతికి మూలాలు ఇక్కడే ఉన్నాయి కాబట్టి కొంచెం చెప్తాను. క్రిస్టెన్ నైగార్డ్ అని, ఓలే యోహాన్ డాల్‌తో కలిసి సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసినాయన, మనందరం రాసే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ కోడ్‌కి అదే మొదలు, ఇద్దరికీ కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు 2001కి వచ్చింది. ఆయన 1970ల మొదట్లో ఐరన్, మెటల్ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశారు. ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి, ఏం పెట్టాలో ఎలా పెట్టాలో మేనేజ్‌మెంట్ ఒక్కటే నిర్ణయిస్తోంది, కార్మికుడికి అందులో మాట ఉండాలి అన్నది అక్కడి గొడవ. మొదట నిపుణులు స్టడీ చేసి రిపోర్టు ఇద్దామనుకున్నారు, దాంతో కార్మికులకు ఒరిగేదేం లేదని తెలిసి ప్లానే మార్చేశారు. ఏ ఊరి యూనియన్ ఈ విషయం నేర్చుకుని సొంతంగా ఏం చేస్తే అదే ప్రాజెక్టు ఫలితం అన్నారు. 1975కల్లా కొత్త కంప్యూటర్ సిస్టమ్ పెట్టేముందు కార్మికులకు చెప్పాలి, వాళ్ళతో మాట్లాడాలి అని దేశస్థాయి ఒప్పందం వచ్చింది, 1977 పని వాతావరణ చట్టంలోకి కూడా ఆ హక్కు చేరింది.

తర్వాత 1981లో యుటోపియా అని ఇంకో ప్రాజెక్టు, స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు ప్రింటింగ్ కార్మికుల యూనియన్లతో కలిసి చేసింది. పేపర్ పేజీలు కూర్చే పని కంప్యూటర్ మీదకి వెళ్ళబోతోంది, ఆ మిషన్లు ఇంకా చేతికి రాలేదు. అట్టపెట్టెలు, ప్లైవుడ్, కాగితాలు పెట్టి ఇదిగో ఇది స్క్రీన్, ఈ డబ్బా లేజర్ ప్రింటర్ అనుకుని కార్మికులు నిజంగా పేజీ కట్టి చూశారు. గోదారి_గట్టు గారు చెప్పిన తెల్లకాగితం పద్ధతి అదే.

డెలివరీ గారి ప్రశ్నకి నా జవాబు ఇది. నైగార్డ్ వాళ్ళు యూనియన్‌తో ఎందుకు వెళ్ళారంటే, యాజమాన్యానికీ కార్మికుడికీ కావాల్సింది ఒకటి కాదు అని మొదటే ఒప్పుకున్నారు కాబట్టి. అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి చాయ్ బిస్కెట్ పెడితే ఆ తేడా పోదు, అక్కడ గట్టిగా మాట్లాడగలిగేవాళ్ళదే నెగ్గుతుంది. అందుకే మొదట విడివిడిగా కూర్చోవాలి.

ఆసు_ఇంటి_ఆడబిడ్డ:
ఎవర్ని పిలవాలె అన్న దగ్గర నేను ఒక మాట చెప్తా అన్నా. సొసైటీ మెంబర్ల లిస్టు తీసుకొని పిలిచినవనుకో, మొత్తం మొగోళ్ళే వస్తరు. మగ్గం మీద కూసున్నాయన పేరే లిస్టుల ఉంటది. ఆసు పోసేది (పోగుల్ని గూటాల చుట్టూ తిప్పి వరుస పెట్టేది), కండెలు (పోగు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టేది, చిటికి కట్టేది (డిజైన్ కోసం రంగు అంటొద్దన్న కాడ పోగులకి కట్టు కట్టేది) ఇంట్ల ఆడోళ్ళే, వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. 2019-20ల చేసిన నాలుగో చేనేత గణనల దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు నేతగాళ్ళు, అనుబంధ కార్మికులు లెక్కకొచ్చిండ్రు, అందుల 70 శాతం మీదనే ఆడోళ్ళు. నువ్వు వాళ్ళని యూజర్ కింద పట్టకపోతే సగం పని నీ యాప్‌కి కనబడనే కనబడదు.

ఆలేరు పక్కన శారాజిపేట చింతకింది మల్లేశం గారి సంగతి మీకందరికీ తెలిసిందే. ఒక్క చీరకి ఆసు పోయాలంటే అర్ధచంద్రం లెక్క కొట్టిన గూటాల చుట్టూ చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలె, నాలుగైదు గంటల పని, రోజుకి రెండు చీరలకి పోస్తే భుజం లేవదు. మా అమ్మ భుజం ఇప్పటికీ సక్కగ లేవది. ఆయన ఆరో తరగతిల బడి మానేసిండు, వాళ్ళమ్మ లక్ష్మి గారి కష్టం చూసి 1992ల మొదలుపెట్టి 1999ల మిషన్ పూర్తి చేసిండు, దానికి లక్ష్మి ఆసు యంత్రం అని ఆమె పేరే పెట్టిండు, గంటన్నరల చీర ఆసు అయితది. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. అన్ని దశాబ్దాలల్ల మగ్గాల మీద ఎంతమంది ఇంజనీర్లు పనిచేసిండ్రో, భుజం నొప్పి అన్నది వాళ్ళ లిస్టుల ఎప్పుడన్నా పడ్డదా? ఆ నొప్పి ఇంట్ల చూసిన మనిషికి అది మొదటి లైన్ అయ్యింది. అందుకే చెప్తున్న, ఆడోళ్ళని వేరే పిలువు, వీలైతే ఆడపిల్లనే మాట్లాడనీ.

ఇంకోటి, అమావాస్య నాడు పోండ్రి. మగ్గం ఆగేది ఆ రోజే. వేరే రోజు పిలిస్తే నీ మీటింగ్ వాళ్ళ కూలిల కోత. అట్ల పిలవక తప్పదంటే ఆ పూట కూలి కట్టియ్యాలె, చాయ్ బిస్కెట్‌తోటి సరిపెట్టొద్దు.

చెవితో_చదువుతా:
నాకు చూపు లేదు, ఈ థ్రెడ్ మొత్తం స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో వింటున్నాను. నేను వాడే ఎన్‌వీడీఏ 2006లో మొదలైంది, ఆస్ట్రేలియా కుర్రాడు మైఖేల్ కర్రన్ మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు, ఇద్దరూ చూపు లేనివాళ్ళే. కొనుక్కోవాల్సిన రీడర్ల ధర మాలాంటివాళ్ళం మోయలేం, ఇది ఉచితం, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది, తెలుగు కూడా చదువుతుంది. వాడేవాడే చేసింది కాబట్టి ఏది ముందు చదవాలి, ఏది వదిలేయాలి అన్నది దానికి తెలుసు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా చూడండి. యాసిడ్ దాడికి గురైనవాళ్ళు, చూపు లేనివాళ్ళు వేసిన కేసులు. బ్యాంకు కేవైసీలో కళ్ళు ఆర్పి చూపించు అంటుంది ఫోను, కళ్ళే ఆర్పలేని మనిషి ఏం చేయాలి? డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగం అని కోర్టు చెప్పింది, యాప్, వెబ్‌సైట్ డిజైన్ చేసేటప్పుడు టెస్టింగ్ దశలో చూపులేనివాళ్ళని పెట్టుకోవాలని కూడా ఆదేశాల్లో ఉంది. నన్నడిగితే టెస్టింగ్ కంటే ముందే పిలవాలి, కానీ ఆ మాత్రమైనా కోర్టు కాగితం మీదకి రావడం మాకు చాలా పెద్ద విషయం. చేనేతలో వయసైపోయి చూపు తగ్గినవాళ్ళు ఎంతమంది ఉంటారో ఆలోచించండి తమ్ముడూ, వాళ్ళకి చదివి వినిపించే యాప్ కావాలి.

మగ్గం_చప్పుడు:
అందరికీ చాలా థ్యాంక్స్. మేనేజర్‌తోటి గట్టిగ కొట్లాడి టైం తీసుకున్న, అమావాస్య నాడు ఊరికి పోయినం. నాతోటి మా టెస్టర్ అమ్మాయి వచ్చింది, ఆడోళ్ళతోటి ఆమెనే కూసున్నది. ఏమైందో రాస్తున్న, పెద్దగనే ఉంటది.

నేను గీసిన కాగితాలల్ల మొదటి స్క్రీన్ల "పట్టు బ్యాలెన్స్" అని ఒక గడి ఉన్నది, ఇచ్చిన తూకంల నుంచి చీర తూకం తీసేస్తే మిగిలింది, అది ఒక హద్దు దాటితే ఎర్రగ చూపియ్యాలె. సెక్రటరీ లిస్టుల ఉన్నదే. ఒక పెద్దమ్మ ఆ కాగితం చదివించుకొని, పట్టు ఉడకబెట్టినంక తూకం యాడుంటది బిడ్డా అన్నది. పచ్చి పట్టుని ఉడకబెడితే జిగురు పోతది, దాదాపు పావు వంతు తూకం తగ్గుతది. కొందరికి ఉడకబెట్టిన పట్టే ఇస్తరు, కొందరు ఇంట్లనే ఉడకబెట్టుకుంటరు. దాని మీదికెళ్ళి చిటికి కట్టేటప్పుడు, మగ్గం మీద పాత పోగులకి కొత్త పోగులు అతుకేటప్పుడు పోయే తరుగు వేరే. మా లెక్కతోటి పోతే ఇంట్ల ఉడకబెట్టుకున్నోళ్ళందరి పేరు ఎర్రగ పడుతుండె, అంటే పట్టు దొంగలని సొసైటీ తెర మీద రాసినట్టే. ఆమె కాగితం మీద చెయ్యి పెట్టి ఇది తీసెయ్ అన్నది, అంతే, వేరే చర్చ లేదు. ఇప్పుడు పచ్చిదా ఉడికిందా అన్నది ఇచ్చేటప్పుడే రాయాలె, తరుగు ఎంత పట్టాలె అన్నది ఇద్దరూ ఒప్పుకున్న లెక్క ఉండాలె.

రెండోది ఫోటో. మగ్గం మీద ఉన్న డిజైన్ బయటికి పోతే నేత అయిపోకముందే ప్రింట్ చీర మార్కెట్ల ఉంటదని వాళ్ళ భయం. పోచంపల్లి చిటికిని చూసి ప్రింట్ కొట్టి అగ్గువకి అమ్మేది అందరికీ తెలిసిన బాధనే కదా. ఫోటో ఎవరెవరికి కనబడతది, ఎన్ని రోజులుంటది అని అడిగిండ్రు, నా దగ్గర జవాబు లేకుండె.

మూడోది, ఇంటికి ఒక్కటే మంచి ఫోను, అది కొడుకుతోటి కాలేజీకి పోతది. ఆడోళ్ళు అడిగింది యాప్ కాదు, మామూలు ఫోన్‌కి కాల్ రావాలె, ఇంత పట్టు ఇచ్చినం, ఇంత కూలి జమ అయ్యింది అని తెలుగుల చెప్పాలె, తప్పుంటే ఒక నంబర్ నొక్కితే సొసైటీకి తెలవాలె. చెవితో_చదువుతా గారు, మీరు చెప్పిన మాటనే వాళ్ళ నోట్ల నుంచి వచ్చింది.

ఇప్పుడు తిప్పలేందంటే, సెక్రటరీ సారుకి ఈ తప్పుంటే నొక్కే బటన్ ఇష్టం లేదు. రోజూ పంచాయితీ పెట్టుకుంటమా అంటుండు. ఫోటో కూడా ఉండాల్సిందే అంటుండు. ఏం చెయ్యాలె?

గోదారి_గట్టు:
ఆ పెద్దమ్మ చెయ్యి పెట్టి తీసెయ్ అనడం చదివి ప్రాణం లేచొచ్చిందండి. ఆ ఒక్క గడి కోడ్ అయిపోయి ఊళ్ళో వాడకంలోకి వెళ్ళుంటే మళ్ళీ ఎవరూ ఆ యాప్ ముట్టుకునేవారు కాదు.

సెక్రటరీ గారిని శత్రువులా చూడకండి, ఆయనకి ఫోటో ఎందుకు కావాలో అడగండి. బహుశా ఆర్డరు టైంకి వస్తుందా లేదా అన్నదే ఆయన భయం అయ్యుంటుంది, పైన కొనేవాళ్ళు ఆయన్ని నిలదీస్తారు కదా. అదే అయితే వార్పు (మగ్గానికి ఎక్కించిన పడుగు) మీద ఎన్నో చీర నడుస్తోంది అని ఒక అంకె చాలు, డిజైన్ కనబడక్కర్లేదు.

డెలివరీ_డ్యూటీ:
ఈ పట్టు తూకం సంగతి చూశాక ఖర్చు పరంగా కూడా ముందే వెళ్ళడం లాభమే అనిపిస్తోంది, లైవ్ అయ్యాక లెక్క మార్చాలంటే పాత డేటా మొత్తం తిరగరాయాలి. అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది, ఇద్దరూ చెరో మాట అంటున్నారు, ఇప్పుడు తేల్చేది ఎవరు? డెవలపర్ మాత్రం కాకూడదు. నువ్వు తీర్పు చెప్పావంటే రెండు వైపులా పోతావు. తేలని విషయాలు ఒక కాగితం మీద రాసి, ఇద్దరి వైపు మనుషులూ కూర్చుని తేల్చుకోవాలి, తేలేదాకా ఆ భాగం కట్టేది లేదని మీ మేనేజర్‌తో కాంట్రాక్టులో రాయించుకో. అది స్కోప్ (ఒప్పుకున్న పని) పెరగడం కాదు, స్కోప్ ఆపడం, మేనేజర్లు దానికి ఒప్పుకుంటారు.

సీమ_మేటి:
కూర్చునే కాడ నేతగాళ్ళ వైపు ఒక్కర్నే పెట్టొద్దు. ఒక్కడే ఉంటే సెక్రటరీ ముఖం సూసి మాట మింగుతాడు, రేపు పట్టు ఇచ్చేది ఆయనే కదా. కనీసం నలుగురు, అందులో సగం ఆడోళ్ళు. ముందు రోజే వాళ్ళు వాళ్ళు మాట్లాడుకొని రావాల.

ఓస్లో_తెలుగమ్మాయి:
మన దేశంలోనే దీనికి నమూనా ఉంది. రాజస్థాన్‌లో జన్ సూచనా పోర్టల్ 2019 సెప్టెంబర్ 13న మొదలైంది, ఏ పథకంలో ఎవరికి ఏం అందిందో ఎవరైనా అడక్కుండానే చూసుకోవచ్చు. దాని వెనక మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ లాంటి ప్రజాసంఘాలు, ప్రభుత్వ ఐటీ శాఖ కలిసి కూర్చునే డిజిటల్ డైలాగ్ అనే సమావేశాలు ఉన్నాయి. ఏ సమాచారం పెట్టాలి, పల్లెలో మనిషికి అర్థమయ్యేలా ఎలా పెట్టాలి అన్నది అక్కడ మాట్లాడుకున్నారు. అందులో నాకు నచ్చింది, ఒక్క మీటింగ్‌తో వదిలేయలేదు, మళ్ళీ మళ్ళీ కూర్చున్నారు. మీరు కూడా యాప్ మొదలయ్యాక ప్రతి అమావాస్యకీ ఇలా కూర్చునే ఏర్పాటు ఒప్పందంలో పెట్టించండి, అది లేకపోతే ఆరు నెలలకి సెక్రటరీ అడిగినవన్నీ ఒక్కొక్కటే అప్‌డేట్‌లో వచ్చేస్తాయి.

ఆసు_ఇంటి_ఆడబిడ్డ:
తప్పుంటే నొక్కే బటన్ మాత్రం వదలకు అన్నా. పుస్తకంల తప్పు పడితే ఇప్పుడు పోయి మొత్తుకోవాలె, ఆఫీసుల నలుగురి ముందు. ఆడోళ్ళు పోరు, పోయిన కూలి పోయినట్టే ఊకుంటరు. ఆ బటన్ ఒక్కటి కోసమే ఆ ఫోన్ కాల్ పని చెయ్యొచ్చు.

మగ్గం_చప్పుడు:
కూసున్నం మళ్ళా. నేతగాళ్ళ దిక్కు నుంచి ఐదుగురు, అందుల ముగ్గురు ఆడోళ్ళు, సొసైటీ దిక్కు నుంచి సెక్రటరీ సారు, గుమస్తా. గోదారి_గట్టు గారు చెప్పినట్టు ఫోటో ఎందుకు అని అడిగితే ఆర్డరు టైం భయమే అని చెప్పిండు సారు, అంకె చాలు అని ఒప్పుకున్నడు, ఫోటో పోయింది. తరుగు లెక్క పచ్చి పట్టుకి వేరే, ఉడికినదానికి వేరే, గోడకి అతికించాలె అందరికీ కనబడేటట్టు. బటన్ దగ్గర మస్తు సేపు లొల్లి అయ్యింది. చివరికి ఉంటది అన్నరు, కానీ నొక్కినోళ్ళ పేరు మొదట గుమస్తాకి పోతది, వారం లోపట సరిచెయ్యకపోతే కమిటీకి పోతది. నేను అనుకున్నంత రాలే, ఆడోళ్ళు కమిటీకి నేరుగ పోవాలన్నరు, అది కాలే. వచ్చే మీటింగ్‌ల మళ్ళా అడుగుతం అన్నరు వాళ్ళే.

ఒకటి మిగిలింది. యాప్ వచ్చినంక పాత పుస్తకం ఎప్పుడు ఆపాలె? సారు మొదటి రోజే ఆపుదాం అంటుండు.

డెలివరీ_డ్యూటీ:
ఆపొద్దు. కనీసం రెండు మూడు వార్పులు పూర్తయ్యి కూలి చేతికొచ్చేదాకా రెండూ నడపండి. తేడా వస్తే పుస్తకం మాటే చెల్లుతుంది అని ముందే రాసుకోండి, లేకపోతే యాప్ తప్పుకి కూడా నేతగాళ్ళే డబ్బు పోగొట్టుకుంటారు. గుమస్తాకి డబల్ పని అవుతుంది, ఆ రెండు మూడు నెలలకి ఆయనకి అదనంగా ఇవ్వమని సొసైటీని అడుగు, ఆయనకి విసుగొస్తే యాప్‌లో అంకెలు అంచనాగా కొట్టేస్తాడు. గుమస్తాతో కూడా విడిగా ఒకసారి కూర్చో, రోజంతా అందులో రాసేది ఆయనే, ఇంతవరకు ఈ థ్రెడ్‌లో ఆయన సంగతి ఎవరూ అడగలేదు.

మగ్గం_చప్పుడు:
ఇది మంచి మాట అన్నా, ఆదివారం ఆయన దగ్గరికే పోతున్న.